ఎర్రబడదు, నొప్పెట్టదు... మరి పుండు ముందే ఎలా తెలుస్తుంది?

సిస్టరమ్మని అడగండి

ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు అన్నీ ఒకచోట పోసి చూస్తే దాదాపు అన్నీ పుండ్ల గొడవే. మంచాన పడ్డవాళ్ల నడుం పుండ్లు కొన్ని, షుగరువాళ్ల కాలి పుండ్లు కొన్ని. అందుకని ఈ సంచిక మొత్తం వీటికే ఇచ్చేశాను, మోకాళ్ల నొప్పులవాళ్లు కోప్పడకండి, మీ వంతు వచ్చే నెల. ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతున్నా, నేను డాక్టర్ని కాను, సర్జికల్ వార్డులో ముప్పై ఏళ్లు డ్రెస్సింగులు కట్టిన నర్సుని. మందుల పేర్లు అడక్కండి, చెప్పను. ఎలా చూడాలి, ఎక్కడ తాకాలి, ఎప్పుడు పరిగెత్తాలి అన్నది మాత్రం చెప్పగలను.

ప్రశ్న: సిస్టరమ్మా, మా మావయ్యగారికి 71 ఏళ్లు. పక్షవాతం వస్తే విశాఖలో పదకొండు రోజులు ఉంచి ఇంటికి తెచ్చుకున్నాం. తెచ్చిన రెండో రోజు ఒళ్లు తుడుస్తుంటే నడుం కింద, పిరుదుల మధ్య ఎముక మీద రూపాయి బిళ్లంత మేర నల్లగా కమిలినట్టు కనిపించింది. చర్మం చిట్లలేదు. మా ఆడపడుచు 'నువ్వు సరిగ్గా తిప్పట్లేదు' అంటోంది, పక్కింటి మామ్మ కొబ్బరినూనె వేసి గట్టిగా మర్దన చెయ్యమంటోంది. బెడ్ సోర్ అయితే ఎర్రగా ఉంటుందని ఫోన్లో చదివాను, ఇది ఎర్రగా లేదు. ఇది అదేనా, కాదా? (రాజాం దగ్గర పల్లె నుంచి ఒక కోడలు)

జవాబు: ముందు ఆ నూనె సీసా పక్కన పెట్టు తల్లీ. ఎముక మీద కమిలిన చోట మర్దన చెయ్యకూడదు, లోపల అప్పటికే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. ఇక నీ ప్రశ్నకొస్తే, అదే అయ్యుండే అవకాశమే ఎక్కువ.

నువ్వు ఫోన్లో చదివింది తప్పు కాదు, కాకపోతే అది తెల్లతోలువాళ్లని చూసి రాసింది. పుస్తకాల్లో మొదటి దశ అంటే 'వేలితో నొక్కి వదిలినా పోని ఎరుపు' అని ఉంటుంది. తెల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, మామూలు ఎరుపైతే నొక్కినప్పుడు పాలిపోవడం కూడా కనబడుతుంది. జీవితమంతా పొలంలో ఎండకి మాగిన ఒంటి మీద ఎరుపెక్కడ తెలుస్తుంది? పక్క చర్మం కంటే కాస్త నలుపో, ఊదారంగో, ఒక్కోసారి చర్మం బిగిసి నిగనిగలాడటమో, అంతే. అందుకని కంటిని ఒక్కదాన్నే నమ్ముకోకు, చెయ్యి వాడు. పక్కకి తిప్పి పడుకోబెట్టాక, కిటికీ వెలుతురు చాలకపోతే టార్చి పక్కనుంచి వేసి, చేతి వెనకవైపుని ఆ మచ్చ మీద ఆనించు, తర్వాత అక్కడికి జానెడు దూరంలో ఉన్న మంచి చర్మం మీద ఆనించు. వేడిలో తేడా తెలుస్తుంది, మచ్చ దగ్గర వేడిగా ఉండొచ్చు, లేదా చల్లగా అయినా ఉండొచ్చు, రెండూ మంచివి కావు. తర్వాత మునివేళ్లతో మెల్లగా, నొక్కీ నొక్కనట్టు చూడు. చుట్టుపక్కల కంటే గట్టిపడిందా, లేక లోపల గుజ్జుగా మెత్తబడిందా? మావయ్యగారికి మాట ఉంటే అక్కడ నొప్పిగానో దురదగానో ఉందేమో అడుగు. మాట లేకపోతే ఆయన మొహం చూడు.

చర్మం చిట్లలేదని ఊరుకోవద్దని ఎందుకంటానో చెప్తాను. మామిడిపండు పైకి పచ్చగా నిగనిగలాడుతూ, కోస్తే టెంక చుట్టూ నల్లబడి ఉండటం చూశావు కదా, ఈ పుండూ చాలాసార్లు అలాగే ఉంటుంది. ఒత్తిడి ఎక్కువగా పడేది ఎముకని ఆనుకుని ఉన్న కండ మీద, అది ముందు చచ్చిపోతుంది, పైన చర్మం చివరికి చిట్లుతుంది. ముదురు ఊదా రంగులో కమిలినట్టు పైకి తేలేసరికి లోపల దెబ్బ తగిలి రెండు మూడు రోజులు అయ్యుంటుంది, అంటే 48 నుంచి 72 గంటలు. ఇంటికి తెచ్చిన రెండో రోజు కనిపించిందంటే లెక్క నువ్వే వేసుకో. వార్డులో ఎన్ని గంటలు వెల్లకిలా ఉన్నారో, విశాఖ నుంచి రాజాం దాకా స్ట్రెచర్ మీద కదలకుండా ఎలా వచ్చారో! ఇది ఎవరినో తిట్టమని చెప్పట్లేదు, ప్రాణం మీదకి వచ్చినప్పుడు అందరి దృష్టీ ప్రాణం మీదే ఉంటుంది, వీపు ఎవరికీ గుర్తు రాదు. కానీ మీ ఆడపడుచుకి ఈ పేజీ చూపించు. వీలైతే రాత్రి రెండింటి తిప్పుడు ఆవిడకి అప్పగించు కూడా.

ఇక చెయ్యాల్సింది. ఆ మచ్చ మీద బరువు అస్సలు పడకూడదు, వెల్లకిలా పడుకోబెట్టడం ప్రస్తుతానికి మానెయ్. ఎడమకి కాసేపు, కుడికి కాసేపు, పూర్తిగా పక్కకి కాదు, అలా చేస్తే తుంటి ఎముక మీద కొత్తది వస్తుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చాలి, అంటే పూర్తి పక్కకి తిప్పినదానిలో మూడో వంతు అన్నమాట. మామూలుగా రెండు గంటలకోసారి మార్చాలి అంటారు, నేను మాత్రం ఒంటిని బట్టి మార్చమంటాను. తిప్పిన అరగంట తర్వాత కూడా, అప్పటిదాకా ఆనిన చోట రంగు, వేడి తగ్గలేదంటే ఆ మనిషికి రెండు గంటలు ఎక్కువే, గంటన్నరకి తగ్గించు. మంచం మీద పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి లాగొద్దు. కింద పాత నూలు దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచి ఇద్దరు చెరో పక్కా పట్టుకుని ఎత్తి జరపండి, లాగితే పైచర్మం ఒకవైపు, లోపలి కండ ఒకవైపు పోయి లోపల చిరుగుతుంది. తల ఎత్తు పెంచి ఎక్కువసేపు ఉంచితే జారుతూ ఉంటారు, అదీ లాగడం లాంటిదే. ముక్కు గొట్టంతో పాలు పోసేటప్పుడు తల ఎత్తక తప్పదు, అప్పుడు మోకాళ్ల కింద దిండు పెడితే జారరు.

రోజుకోసారి అక్కడొక్కచోటే కాదు, మడమలు, తుంటి, భుజం పలకలు, తల వెనక, చెవులు, మోచేతులు కూడా చూడాలి. ముక్కు గొట్టం ఆనే రంధ్రం దగ్గర, ఆక్సిజన్ గొట్టం చెవి వెనక్కి వెళ్లే చోట కూడా ఇవే పుండ్లు వస్తాయి, ఆశ్చర్యపోకు. మూత్రం తడికి ఒరిసిన చర్మం వేరు, అది మడతల్లో, అంచులు తెలియకుండా పరుచుకుని ఉంటుంది. ఒత్తిడిది ఎముక మీదే, అంచు తెలిసేలా ఉంటుంది. రెండూ కలిసి రావడం కూడా మామూలే.

ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌కి చూపించు, కనీసం ఏఎన్ఎంని ఇంటికి పిలిచి చూపించు. మచ్చ మీద బొబ్బ లేచినా, తోలు ఊడినా, నల్లటి చెక్కు కట్టినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే వెళ్లాలి.

ఇంకోటి, డిశ్చార్జి అయ్యేటప్పుడు 'బ్రేడెన్ స్కోర్ ఎంత?' అని అడగడం అందరూ నేర్చుకోండి. 1987లో అచ్చయిన లెక్క అది, తయారు చేసింది నర్సులే అని కాస్త గర్వంగా చెబుతున్నా. స్పర్శ, తడి, నడక, కదలిక, తిండి, రాపిడి, ఈ ఆరింటికీ మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 దాకా ఉంటుంది, 18 లేదా అంతకంటే తక్కువ వస్తే పుండు పడే మనిషి అని లెక్క. తక్కువ స్కోరుతో ఇంటికొచ్చే మనిషి అని ముందే తెలిస్తే ఆయన కంటే ముందు గాలి పరుపు ఇంటికొస్తుంది.

ప్రశ్న: నాకు షుగర్ పన్నెండేళ్లుగా ఉంది. మొన్న ఉభాలు (వరినాట్లు) అయ్యాక ఇంటికొచ్చి రాత్రి చెప్పు విప్పితే అడుగున మేకు దిగి ఉంది, అరికాల్లో రక్తం. పొద్దున్నుంచీ దాంతోనే నడిచాను, నొప్పే తెలియలేదు. ఊళ్లో డ్రెస్సింగ్ చేయించాను, నాలుగు రోజులకి పైన మూసుకుపోయింది. నొప్పి లేదు, జ్వరం లేదు. కాకపోతే పాదం కొంచెం ఉబ్బింది, షుగర్ ఎప్పుడూ లేనిది 320 చూపించింది. ఇంకా ఏమైనా చెయ్యాలా? (ఆమదాలవలస వైపు రైతు, 58)

జవాబు: బాబూ, మీ మెసేజ్ చూడగానే తిరిగి జవాబిచ్చాను, వెంటనే ఆసుపత్రికి వెళ్లమని. వెళ్లారనే అనుకుంటున్నా. మిగతావాళ్ల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

'నొప్పి లేదు' అన్న మాటని మీరు శుభవార్తలా రాశారు, నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ మాటకే. మేకు దిగిన కాలితో పొద్దంతా నడవగలిగారంటే ఆ కాలికి కాపలా కాసే నరం పోయింది. పైన మూసుకుపోవడం కూడా మంచిది కాకపోవచ్చు. మేకు పోటు పైకి చిన్నది, లోపలికి లోతు. పైన మూత పడితే లోపల చీముకి దారి ఉండదు, అరికాలి పొరల్లో పాకుతుంది. జ్వరం రాలేదని ధీమా వద్దు, షుగరువాళ్లకి లోపల చీమున్నా జ్వరం రాకపోవడం చాలామందిలో చూశాను. కారణం లేకుండా షుగర్ ఎగబాకిందంటే ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉందేమో అని వెతకాలి, మీ విషయంలో వెతకనక్కర్లేదు, వాపు చూపిస్తూనే ఉంది. ఎక్స్‌రే తీయాలి, లోపల మేకు ముక్క ఉందా, ఎముకకి పాకిందా అని చూడాలి, టీటీ సంగతి అడగాలి. షుగర్ వల్ల కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లలో నూటికి 80 మందికి పైగా ముందు ఒక చిన్న పుండుతోనే మొదలైనవాళ్లు, మీకు టెన్షన్ పెట్టడానికి కాదు, ఆ చిన్న పుండు దగ్గరే ఆపొచ్చని చెప్పడానికి.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊరి ఆసుపత్రిలో పుట్టింది, అందుకే ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు. సామానేమీ అక్కర్లేదు. మీరు సాక్సులు విప్పి కళ్లు మూసుకుని పడుకోండి, మీ ఆవిడో పిల్లలో చూపుడువేలి కొసతో మీ బొటనవేలి కొస, మధ్యవేలి కొస, చిటికెనవేలి కొస మెల్లగా తాకాలి, ఒక్కోటి ఒకటి రెండు సెకన్లు. రెండు కాళ్లకీ కలిపి ఆరు చోట్లు. తాకినట్టు తెలిసినప్పుడు 'కుడి' అనో 'ఎడమ' అనో చెప్పాలి. నొక్కకూడదు, గోకకూడదు, చక్కిలిగిలి పెట్టకూడదు, తెలియలేదని రెండోసారి తాకకూడదు (మన ఇళ్లలో జాలిపడి రెండోసారి తాకుతారు, అక్కడే పాడవుతుంది). ఆరింటిలో రెండో అంతకంటే ఎక్కువో తెలియకపోతే స్పర్శ తగ్గిందని అర్థం. ఆసుపత్రిలో దీన్నే 10 గ్రాముల బరువుకి వంగే నైలాన్ పోగుతో, కొడితే కంపించే ట్యూనింగ్ ఫోర్కుతో ఇంకా సరిగ్గా చూస్తారు. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగున్నవాళ్లు ఏడాదికోసారి పాదాలు చూపించుకుంటే చాలు, ఏదో ఒకటి తగ్గినవాళ్లు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, ముందు ఒకసారి పుండు పడి మానినవాళ్లయితే ఒకటి నుంచి మూడు నెలల్లో మళ్లీ వెళ్లాలి. మానిన పుండు తిరగబెట్టడం చాలా ఎక్కువ, ఏడాదిలోపే పదిమందిలో నలుగురికి వస్తుంది.

మరి రోజూ ఇంట్లో? కాలు కడుక్కుని వేళ్ల సందులు తుడుచుకునేటప్పుడే చూసేసుకోవచ్చు. అరికాలు కనపడకపోతే అద్దం నేల మీద పెట్టి దాని పైన పాదం ఎత్తి చూడండి, షుగర్ వల్ల చూపు మందగించినవాళ్లు ఇంకొకరిని చూడమనండి. ఉభాల్లో రోజంతా బురదలో నాని వేళ్ల సందులు తెల్లగా పగులుతాయి, అదొక తలుపు. మడమ పగుళ్లు ఇంకో తలుపు. అన్నిటికంటే మోసం చేసేది ఆనెకాయ. అది గట్టిపడిన తోలు కాబట్టి కాలికి రక్షణ అనుకుంటారు, నిజానికి చెప్పులో గులకరాయి ఎలాగో అదీ అలాగే, నడిచిన ప్రతిసారీ లోపలికి నొక్కుతుంది. ఆనెకాయ మధ్యలో నల్లటి లేదా గోధుమరంగు చుక్క కనిపించిందంటే దాని కింద రక్తం చేరిందని అర్థం. ఇంకా పుండు కాలేదు, అవబోతోంది. ఆపడానికి అదే సమయం. బ్లేడుతో మీరు కొయ్యకండి, షాపులో అమ్మే కార్న్ పట్టీలు వెయ్యకండి, అందులో ఉండేది యాసిడ్, స్పర్శ లేని కాలిని కాల్చేస్తుంది. చెప్పు వేసుకునే ముందు బోర్లించి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడమండి, అడుగు కూడా తిప్పి చూడండి. మీ మేకు పొద్దున్నే దొరికేది.

ఒక్క మాట, డ్రెస్సింగ్ ఎంత బాగా కట్టినా ఆ కాలి మీద నడుస్తూ ఉంటే పుండు మానదు. ఇది కుష్ఠు ఆసుపత్రుల నుంచి నేర్చుకున్న పాఠం. వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ చెప్పింది అదే, కుష్ఠువాళ్ల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలట్లేదు, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలి పోతున్నాయి అని. సాలూరు కుష్ఠు ఆసుపత్రి ఎరిగిన పెద్దవాళ్లకి ఈ మాట కొత్తేమీ కాదు. ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి సన్న రంధ్రాల రబ్బరు చెప్పులు, కుష్ఠువాళ్లకి వాడినవే ఇప్పుడు షుగరువాళ్లకీ ఇస్తున్నారు. ఎంసీఆర్ అయినా వెనక పట్టీ ఉన్నదే కొనండి. వేళ్లతో బిగించి పట్టుకుని నడిచే హవాయి చెప్పు మీకు పనికిరాదు.

ప్రశ్న: మా అమ్మకి ఎడమ పాదం నెల రోజులుగా వాచి వేడిగా ఉంది. పుండు లేదు, దెబ్బ తగల్లేదు, నొప్పి కూడా పెద్దగా లేదు. షుగర్ పదిహేనేళ్లు. ఒకరు వాతం అన్నారు, ఒకరు యూరిక్ యాసిడ్ అన్నారు, మాత్రలు మింగుతూ నడుస్తూనే ఉంది. (బొబ్బిలి)

జవాబు: నడక ఆపించండి, ఈ ఉత్తరం చదువుతుండగానే ఆపించండి. షుగర్ వల్ల స్పర్శ పోయిన పాదంలో ఎముకలు లోపల్లోపల మెత్తబడి, చిట్లి, కీళ్లు జారిపోయే జబ్బు ఒకటుంది, చార్కాట్ ఫుట్ అంటారు. మొదట్లో ఉండేది మీరు రాసినదే, ఒక పాదం వేడి, వాపు, నొప్పి పెద్దగా లేకపోవడం. అందరూ వాతమనో ఇన్ఫెక్షననో పొరబడతారు, మొదట్లో ఎక్స్‌రే కూడా మామూలుగానే కనబడొచ్చు. తెలియక నడుస్తూ పోతే పాదం వంపు కూలి, అడుగుభాగం పడవ అడుగులా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మీద పుండు పడుతుంది. అదే అని నేను తేల్చలేను, ఎముకల డాక్టర్‌కో షుగర్ డాక్టర్‌కో 'చార్కాట్ అయ్యుంటుందా?' అని మీరే అడగండి, అడిగితే ఎవరూ కోప్పడరు.

కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ గన్ను ఇంట్లో ఏ సొరుగులోనో పడి ఉంటుంది, దాన్ని బయటకి తీయండి. రెండు పాదాల మీదా ఒకే చోట, ఉదాహరణకి రెండు బొటనవేళ్ల మొదళ్ల కింద, కొలవండి (వస్తువుల వేడి కొలిచే సెట్టింగు ఉంటే అది పెట్టండి). పడుకుని లేచాక, ఒక కాలి మీద ఇంకో కాలు వెయ్యకుండా కాసేపు కూర్చుని కొలవాలి. రెండు పాదాలకీ తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటి రెండు రోజులు వరసగా ఉందంటే లోపల ఏదో రగులుతోంది. అమెరికాలో 2004లో, 2007లో వచ్చిన అధ్యయనాల్లో ఇలా రోజూ కొలుచుకుని, తేడా వచ్చినప్పుడు నడక తగ్గించినవాళ్లకి పుండ్లు బాగా తక్కువగా పడ్డాయి. పుండు పడే ముందు చర్మం చల్లగా మౌనంగా ఉండదు, వేడెక్కుతుంది, నొప్పి తెలియనివాళ్లకి ఆ వేడే కబురు.

దీనికి తలకిందులు ఇంకోటుంది. ఒక పాదం మంచులా చల్లగా, చర్మం పలచబడి మెరుస్తూ, వెంట్రుకలు రాలి, నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసి, రాత్రి కాలు మంచం కిందకి వేలాడదీస్తే హాయిగా ఉంటే, అది రక్తం అందని కాలు. వేడినీళ్ల సంచి పెట్టి కాచొద్దు, కాలినా తెలియదు. చుట్ట, బీడీ మానాలి. మన శ్రీకాకుళం వైపు ముసలమ్మలు తాగే అడ్డపొగకి కూడా మినహాయింపు లేదు, నిప్పు నోట్లో ఉంటే ఏం, బయట ఉంటే ఏం, రక్తనాళాలు బిగుసుకోవడం ఒకటే.

ప్రశ్న: గ్లౌజుల్లో నీళ్లు నింపి మడమల కింద పెట్టమని ఒకరు, మధ్యలో కన్నం ఉన్న గాలి ట్యూబు మీద కూర్చోబెట్టమని ఒకరు, వీపుకి స్పిరిట్ రాసి పౌడర్ కొట్టమని ఒకరు చెప్పారు. ఏది మంచిది? (నెల్లిమర్ల)

జవాబు: మూడూ వద్దు. నా సర్వీసు మొదట్లో ఈ మూడూ నేనూ చేసినవే, అప్పట్లో అదే నేర్పారు. నీళ్ల గ్లౌజు మడమ బరువుని ఒక చిన్న చోటనే ఆపుతుంది. కన్నం ట్యూబు నడుమ బరువు తీసినట్టే తీసి చుట్టూ గాజులా బిగించి రక్తాన్ని ఆపుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగట్టి పగలగొడుతుంది, పౌడర్ చెమటకి ముద్దై ఒరుసుకుంటుంది. మడమల కోసం పిక్కల కింద, మోకాలి నుంచి చీలమండ దాకా దిండు పెట్టండి, మడమ గాల్లో తేలాలి, మడమకీ పరుపుకీ మధ్య కాగితం అటూ ఇటూ ఆడాలి. గాలి పరుపు మంచిదే, కానీ అది ఉందని తిప్పడం మానేస్తే దండగ. అప్పుడప్పుడు కరెంటు పోయి గాలి దిగిపోతుంది, చూసుకుంటూ ఉండండి.

మడమ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది మా అమ్మ దగ్గర. తుంటి విరిగి మంచం మీద ఉన్నప్పుడు చలికని రోజూ సాక్సులు తొడిగేదాన్ని. డ్యూటీ నుంచి వచ్చి వీపు చూసేదాన్ని, నడుం చూసేదాన్ని, సాక్సు విప్పి మడమ చూడాలని తట్టలేదు. అమ్మకీ షుగరే, నొప్పని ఒక్కసారీ అనలేదు. వారం తర్వాత విప్పితే మడమ ఉడికిన చిలగడదుంపలా మెత్తగా వేలికి దిగింది, రంగు మాత్రం పెద్దగా మారలేదు. మానడానికి ఐదు నెలలు పట్టింది. అప్పటికే వార్డులో ఇరవై ఏళ్లు చేసినదాన్ని!

ప్రశ్న: మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్, షుగర్ కూడా ఉంది. ఉద్దానంలో మాకు కిడ్నీ జబ్బు కొత్త కాదు కానీ ఈ మధ్య మడమ దగ్గర నలుపు కనిపిస్తోంది. దీనికీ డయాలసిస్‌కీ సంబంధం ఉందా? (కవిటి)

జవాబు: ఉంది, రెండు విధాలా. డయాలసిస్ అంటే నాలుగు గంటలు దాదాపు కదలకుండా ఉండటం, మడమ అదే చోట ఆనుతుంది, అది బెడ్ సోర్ పుట్టే పరిస్థితే. దానికి తోడు కిడ్నీలు పోయిన షుగర్ మనిషికి నరాలూ రక్తనాళాలూ రెండూ దెబ్బతిని ఉంటాయి, కాలి పుండుకి అందరికంటే ముందు వరుసలో ఉండేది వాళ్లే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో షుగర్ లేనివాళ్లే చాలామంది, మీ నాన్నకి రెండూ ఉన్నాయి కాబట్టి రెండింతల జాగ్రత్త. డయాలసిస్‌కి వెళ్లేటప్పుడు ఒక దిండు ఇంటి నుంచి పట్టుకెళ్లి పిక్కల కింద పెట్టండి. అక్కడ ఎలాగూ నాలుగు గంటలు కూర్చుంటారు, మొదటి పది నిమిషాల్లో చెప్పులు, సాక్సులు విప్పించి పాదాలు చూడండి, సిస్టర్‌ని కూడా చూడమనండి. మంచి సిస్టర్ అయితే మీరు అడిగినందుకు సంతోషిస్తుంది. ఆ నలుపుని ఈ వారం డయాలసిస్‌లోనే డాక్టర్‌కి చూపించండి. కాలి రక్తప్రసరణకి చేతి బీపీ, కాలి బీపీ పోల్చే పరీక్ష చేస్తారు, మామూలుగా 0.9 కంటే తగ్గితే నాళాలు మూసుకుంటున్నట్టు. కానీ కిడ్నీవాళ్లకి నాళాలు సున్నం పట్టి గట్టిపడి లెక్క ఎక్కువగా, బాగున్నట్టు చూపించొచ్చు. 'రిపోర్టు నార్మల్' అని వదిలెయ్యకుండా బొటనవేలి దగ్గర ప్రెషర్ కొలవడమో, డాప్లర్ స్కానో కావాలా అని అడగండి.

ప్రశ్న: అమ్మ పైడితల్లి సిరిమానోత్సవానికి చెప్పుల్లేకుండా వస్తానని మొక్కుకుంది. రథసప్తమికి అరసవల్లి కూడా. షుగర్ కాళ్లు. వద్దంటే ఏడుస్తోంది. (విజయనగరం)

జవాబు: ఏడిపించకండి. గుడి గుమ్మం దాకా చెప్పులతో తీసుకెళ్లండి, లోపల శుభ్రమైన మందపాటి తెల్ల నూలు సాక్సులు వెయ్యండి, తెల్లవైతే రక్తం అంటినా తడి అంటినా వెంటనే కనబడుతుంది. ఎండెక్కిన బండల మీద మాత్రం సాక్సులతో కూడా వద్దు, తెల్లవారుజామునే దర్శనం చేయించండి. ఇంటికొచ్చాక ఆవిడ కాళ్లు మీరే కడగండి, కడుగుతూ చూడండి. నీళ్ల వేడి ముందు మీ మోచేత్తో చూసుకోవాలి, ఆవిడ కాలితో కాదు.

ప్రశ్న: పుండున్నవాళ్లు పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందంటారు. నిజమేనా? (టెక్కలి)

జవాబు: కాదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. చోడి (రాగి) అంబలి, మజ్జిగన్నం మీదే నెలల తరబడి ఉంచితే కొత్త కండ దేంతో పడుతుంది? గుడ్డు, పప్పు, చేప పెట్టండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ని అడిగాకే.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉంటాను, నానమ్మ పాలకొండలో మంచం మీద ఉంది. అత్త రోజూ ఫొటోలు పంపుతుంది. ఫొటో చూసి చెప్పగలరా? (పేరు వద్దన్నారు)

జవాబు: ఫొటో పంపడం మంచి అలవాటే, మానొద్దు. కాకపోతే పక్కన చిన్న స్కేలు పెట్టి, అదే దూరం నుంచి, అదే వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తియ్యమనండి, ఫ్లాష్ వేస్తే మన రంగు చర్మం మీద ఉన్న కాస్త తేడా కూడా తెల్లటి మెరుపులో పోతుంది. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూస్తే పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. ఫొటోలో రానివి మూడున్నాయి, వేడి, గట్టిదనం, వాసన. అందుకని ప్రతి ఫొటోతో పాటు అత్తని ఒక వాయిస్ మెసేజ్ పెట్టమనండి. చెయ్యి ఆనిస్తే పక్కదానికంటే వేడిగా ఉందా చల్లగా ఉందా, వేలికి గట్టిగా తగిలిందా మెత్తగా తగిలిందా, వాసన ఏమైనా వస్తోందా అని. మీరు పంపిన ఐదు ఫొటోల్లో నాలుగు నడుంవే ఉన్నాయి బాబూ, మడమలవి ఒక్కటీ లేదు. రేపు సాక్సులు విప్పించి అవి పంపండి.